చదువుకుని అంటించాను

ఇంగ్లండు
5 సెప్టెంబరు 1999

మావయ్యకి,

వసుంధర నమస్కారాలు. ఉత్తరం మొదట్లో ఎండో వానో చెప్పాలని నేర్పావు కాబట్టి చెబుతున్నాను: వాన. నిన్నా వానే. మన దగ్గర వాన వస్తే తెలుస్తుంది, ఇక్కడ వాన వచ్చిందో వెళ్ళిందో కూడా తెలీదు.

నన్ను ముసలివాళ్ళ వార్డులో వేశారు. వేశారంటే శిక్ష కాదు, నేనే అడిగాను. మన దగ్గర పిల్లలకి వేరే డాక్టరు ఉన్నట్టు ఇక్కడ ముసలివాళ్ళకి వేరే డాక్టర్లు. ఆ వార్డులోనే ఒక పక్క పక్షవాతం వచ్చినవాళ్ళకి పద్నాలుగు మంచాలు. ఈ రెండూ నేర్చుకోవడమే నా చదువు. మందులు రాయడం అందులో చిన్న ముక్క. మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తున్నాడు, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడు, పళ్ళెంలో ఏ వైపు అన్నం వదిలేస్తున్నాడు, ఇవన్నీ చూడాలి. నువ్వు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, వచ్చే మనిషి నడక చూసి ఎందుకొస్తున్నాడో చెప్పేవాడివి కదా, అలాంటి పని.

రోజంతా వార్డులో మాట్లాడుతూనే ఉంటాను. గదికి వచ్చాక మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు. తెలుగులో మాట్లాడి ముప్పై నాలుగు రోజులైంది. నిన్న కొబ్బరికాయ కొన్నాను. కొట్టడానికి రాయి దొరక్క మెట్టు మీద కొడితే పక్కగది ఆవిడ తలుపు తీసి చూసి, మళ్ళీ వేసేసుకుంది. ఏడుపొచ్చింది మావయ్యా. నవ్వకు.

నీకు ఒక సంగతి రాయాలి. అత్తయ్య గురించి. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నా ఉత్తరాలన్నీ పక్కింటి ఎర్రమ్మకీ అరుగు మీద కూర్చునే వాళ్ళకీ చదివి వినిపిస్తావని నాకు తెలుసు. ఆ ఉత్తరం మాత్రం నువ్వొక్కడివే చదవాలి. చదివి పొయ్యిలో పెట్టేయాలి. అలాగేనని మాటిస్తే రాస్తాను.

వసుంధర


కవిటి
22 సెప్టెంబరు 1999

గుంటకి మావయ్య ఆశీర్వచనం.

ఎండ. ఈ నెలలో ఉండకూడనంత ఎండ. కొబ్బరి చెట్ల కింద కూడా నేల కాలుతోంది. నీ ఉత్తరం పదకొండు రోజుల్లో వచ్చింది. నా సర్వీసులో విదేశీ ఉత్తరం ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. నా తర్వాత పోస్టుమాస్టరు కుర్చీలో కూర్చున్న గోవిందు అది తన గొప్పే అనుకుంటున్నాడు, అనుకోనీ.

నీ కొబ్బరికాయ కథ ఎర్రమ్మకి వినిపించాను. జీడిపిక్కలు కొట్టడం ఆపి మరీ విన్నది. "అయ్యో, అక్కడ రాయి కూడా నేదా మేస్టారూ, పార్సిల్లో ఒక రాయెట్టి పంపండి" అంది. ఆవిడ నవ్వులాటకి కాదు, నిజంగానే అంది. నీకు చలికి బొంత ఉందో లేదో కూడా రాయమంది.

ఇంక నువ్వడిగిన మాట. ముప్పై ఒక్కేళ్ళు ఈ ఊరి ఉత్తరాలు చదివిపెట్టాను. కలకత్తా జూట్ మిల్లుల నుంచి వచ్చినవీ, అండమాన్ నుంచి వచ్చినవీ. ఎవరి కొడుకు తాగుతున్నాడో, ఎవరి మొగుడు అక్కడ రెండో కాపురం పెట్టాడో నాకు తెలుసు. మీ అత్తకి కూడా చెప్పలేదు. అన్నం మానేసి అడిగినా చెప్పలేదు. నీ ఉత్తరం నా కళ్ళు తప్ప ఇంకో జత కళ్ళు చూడవు. మాట. పొయ్యిలో మాత్రం పెట్టలేను. ఉత్తరం కాల్చడం నాకు చేతకాదు, ట్రంకు పెట్టెలో దాచుకుంటాను.

సంకోచించకుండా రాయి.

చదువుకుని అంటించాను. (నువ్వు చదువుకోకుండా అంటిస్తున్నావు, కిందటి ఉత్తరంలో రెండు చోట్ల కొమ్ము పోయింది.)

అప్పలనరసింహం


ఇంగ్లండు
12 అక్టోబరు 1999

మావయ్యకి,

ఎండా వానా తర్వాత. ఆగితే మళ్ళీ రాయలేను.

మూడేళ్ళ కిందట మే నెలలో అత్తయ్యకి కుడి చెయ్యీ కాలూ పడిపోతే టెక్కలి నర్సింగ్‌హోమ్‌లో చేర్చావు. నేను విశాఖపట్నం నుంచి వచ్చేశాను. అప్పటికి హౌస్ సర్జన్‌ని, మెడలో స్టెతస్కోపు తప్ప నాకేమీ రాదు. నువ్వు మందులషాపుకి వెళ్ళావు. అత్తయ్యకి మాట లేదు. ఎడమచేత్తో గ్లాసు చూపించింది. నేను తల ఎత్తి పట్టుకుని స్టీలు గ్లాసుతో నీళ్ళు పోశాను. దగ్గింది. గొంతు గరగరమంది. మళ్ళీ గ్లాసు చూపించింది. మళ్ళీ పోశాను.

మూడోరోజు జ్వరం. నిమ్ము చేసిందన్నారు. ఆరోరోజు పోయింది.

ఇక్కడ పక్షవాతం వార్డులో నాకు మొదటిరోజు నేర్పింది ఏమిటో తెలుసా? చెయ్యీ కాలూ పడిపోయినట్టే మింగే కండరాలూ పడిపోతాయి. నీళ్ళు కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అందుకని ముందు ఒక చెంచా నీళ్ళు మాత్రం పోసి, మెడ మీద వేలు పెట్టి, దగ్గుతున్నారా, గొంతు తడిసినట్టు పలుకుతోందా అని చూడాలి. అది చూసేదాకా చుక్క కూడా ఇవ్వకూడదని మంచం తలవైపు బోర్డు పెడతారు. ఆ బోర్డు నేను రోజుకి నాలుగైదు పెడతాను. ఆ చెంచా నేనే పట్టుకుంటాను. నా చెయ్యి వణుకుతోంది.

అత్తయ్య పక్షవాతంతో పోలేదు. నేను పోసిన నీళ్ళతో పోయింది.

అమ్మ పోయాక నాలుగేళ్ళ పిల్లని తెచ్చుకుని పెంచారు మీరిద్దరూ. ఆవిడకి నేను చేసింది ఇది. నీ మనసులో నా మీద కోపం ఉంటే దాచకు. ఉంది అనో, లేదు అనో ఒక్క మాట రాయి. ఏదైనా భరిస్తాను, తెలియకపోవడం భరించలేను.

వసుంధర


కవిటి
8 నవంబరు 1999

గుంటకి మావయ్య ఆశీర్వచనం.

నీ నీలం ఉత్తరం అందింది. భద్రంగా ఉంది.

తుఫాను సంగతి పేపర్లో చూసే ఉంటావు. సముద్రం హోరు ఇంట్లోకి వినిపించింది. మన తోటలో పదకొండు చెట్లు పడ్డాయి. మీ అత్త నాటినవి మూడు అందులో ఉన్నాయి. వంటింటి మీద పెంకులు లేచిపోయాయి, మిగతా ఇల్లు బాగానే ఉంది. తుఫాను వెళ్ళిన మర్నాడు తల ఒకటే పోటు, ఒక పూట పడుకున్నాను. లేచాక కళ్ళజోడు పనికిరాకుండా పోయింది. పలాస వెళ్ళి కొత్తది చేయించుకోవాలి.

ఈ మధ్య కుడివైపు గుమ్మం నాకు దారి ఇవ్వడం మానేసింది. రోజూ భుజానికి తగులుతోంది. దాన్ని తిట్టుకుంటూ తిరుగుతున్నాను.

నువ్వు రాసిన సంగతికి నిదానంగా జవాబిస్తాను. తొందరేముంది. మన తోటలో పదకొండు చెట్లు పడ్డాయి. ఎర్రమ్మ ఇల్లు కూడా కొంచెం ఒరిగింది, మనుషులు క్షేమం.

అప్పలనరసింహం


ఇంగ్లండు
28 నవంబరు 1999

మావయ్యకి,

వాన. నాలుగింటికే చీకటి.

తుఫాను గురించి భయపడుతూనే ఉన్నాను, నువ్వు క్షేమంగా ఉన్నందుకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య చెట్లు మూడు పోయాయని చదివి, అవి ఏ మూడై ఉంటాయా అని లెక్కపెట్టుకున్నాను. పడిన చెట్ల గురించి రెండుసార్లు రాశావు. నేను అడిగినదాని గురించి ఒక్కసారి కూడా రాయలేదు.

తొందరేముంది అన్నావు. నాకు తొందరే మావయ్యా. ప్రతి పొద్దూ చెంచా పట్టుకోవాలి. మా పెద్ద డాక్టరు ఒకావిడ, డాక్టర్ మెక్‌లీన్, నా చెయ్యి చూసింది.

కష్టమైన మాటైనా సరే, రాయి. నువ్వు తలనొప్పి అన్నావు, బి.పి. చూపించుకున్నావా?

వసుంధర


కవిటి
20 డిసెంబరు 1999

గుంటకి మావయ్య ఆశీర్వచనం.

చలి బాగా ఉంది. మీ చలి ముందు ఇదేం చలి అంటావు. నీ ఉత్తరం అందింది.

పలాస వెళ్దామని కవిటిలో బస్సెక్కాను. దిగి చూస్తే ఇచ్ఛాపురం! కండక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే ఒక ఒరియా ఆయన టీ ఇప్పించి, ఒరియాలో చాలా కష్టాలు చెప్పుకున్నాడు. నాకు సగమే అర్థమైంది, తల మాత్రం పూర్తిగా ఊపాను. మరోరోజు గోవిందు తోడొస్తే పలాస వెళ్ళి అద్దాలు మార్చుకున్నాను. అవీ కుదర్లేదు.

ఎర్రమ్మ నీ ఉత్తరాలు వినిపించమని గొడవ. "ఇదివరకు సదివీవోరు గదా మేస్టారూ, ఇప్పుడేటి దాసేత్తన్నారు?" అంటుంది. వాటిలో నీకు వినిపించే సంగతులు లేవని చెప్పేశాను.

ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుంటే మీ అత్త మాటలు గుర్తొస్తున్నాయి. మనకి పిల్లల్లేరు, పోయేముందు నోట్లో నీళ్ళు పోసేది ఎవరు అని అడుగుతుండేది. నేను నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

నువ్వు మాత్రం రాస్తూ ఉండు. మానకు.

అప్పలనరసింహం


ఇంగ్లండు
9 జనవరి 2000

మావయ్యకి,

నీ జవాబు అందింది. నోట్లో నీళ్ళు పోసేది ఎవరు అని అత్తయ్య అడిగేదన్నావు. నీకు సూటిగా తిట్టడం రాదు, ఎప్పుడూ రాలేదు. నాకు అర్థమైంది. ఇంక ఆ సంగతి అడగను.

ఏప్రిల్ ఆఖరికి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఈ చదువులో ఉంటానా మానేస్తానా అని. మానేసి రక్తపరీక్షల లాబరేటరీకి మారిపోదామనుకుంటున్నాను. అక్కడ గాజు గొట్టాలే ఉంటాయి, వాటికి దాహం వేయదు.

ఒంట్లో జాగ్రత్త.

వసుంధర


కవిటి
3 ఫిబ్రవరి 2000

గుంటకి మావయ్య ఆశీర్వచనం.

మంచు. జీడిమామిడి పూత మీద అలాగే నిలబడి ఉంటోంది, ఈ ఏడు కాపు అనుమానమే.

నీ ఉత్తరం అందింది. చేతిలో పెట్టుకోగానే తెలిసింది, పలచగా ఉంది. ఒక్క కాగితమే. ఇదివరకు నీ కవరు ఇరవై గ్రాములకి తగ్గేది కాదు. పని ఎక్కువైందా? నా మీద కోపమొచ్చిందా? అక్కడెవరైనా కొత్త స్నేహాలు కలిశాయా? కలిస్తే మంచిదే, ఒక్కదానివి ఉండకూడదు.

నాకు నీ ఉత్తరం వచ్చిన రోజు పండగ. సాయంత్రం దాకా జేబులో పెట్టుకుని తిరుగుతాను. రాకపోతే గోవిందు దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడతాను. ఈ ఊళ్ళో ఎంతమంది తల్లులు నా కిటికీ దగ్గర అలా నిలబడ్డారో ఇప్పుడు తెలుస్తోంది. లేదమ్మా పో అని విసుక్కునేవాణ్ణి.

నిండుగా రాయి గుంటా.

అప్పలనరసింహం


ఇంగ్లండు
5 మార్చి 2000

మావయ్యకి,

ఈ ఉత్తరం గోవిందు చదివి వినిపించాలి. గోవిందు బాబూ, పైన కవరు మీద నీ పేరు రాసింది అందుకే. ఎర్రమ్మని కూడా పిలువు, అందరూ వినచ్చు. మావయ్యా, లాక్కోకు. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

ఇవాళ ఎండ కాసింది.

పోయిన సోమవారం పొద్దున్న మా వార్డులోకి పియర్సన్ అనే పెద్దాయన వచ్చాడు. రైళ్ళకి సిగ్నళ్ళు వేసిన మనిషి. కళ్ళజోడు పాడైపోయిందని మూడుసార్లు అద్దాలు మార్పించాడట. కుడివైపు అన్నీ తగులుతున్నాయి. డాక్టర్ మెక్‌లీన్ ఆయనకి కాగితం, కలం ఇచ్చి మీ ఊరి గురించి రాయండి అంది. గుండ్రటి అక్షరాలతో చక్కగా రాశాడు. రెండు నిమిషాలాగి అదే కాగితం చేతికిచ్చి చదవమంది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు.

మెదడు వెనకవైపు ఒకచోట రక్తం అందకపోతే ఇలా అవుతుందట. చెయ్యి రాస్తుంది, కన్ను చదవలేదు. కంటి జబ్బు కాదు, మతిమరుపు కాదు, తెలివికి ఏ లోటూ ఉండదు. అదీ ఒకరకం పక్షవాతమే, కాలూ చెయ్యీ ముట్టుకోకుండా వచ్చేది.

గదికి వచ్చి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాను. తలపోటు, కుడివైపు గుమ్మం, ఇచ్ఛాపురం బస్సు, కుదరని అద్దాలు, రెండుసార్లు రాసిన వాక్యం, చేత్తో తూచిన కవరు. సెప్టెంబరు తర్వాత ఒక్క ఉత్తరం చివర కూడా "చదువుకుని అంటించాను" లేదు. అన్నీ రాసి, తిరిగి చదువుకోకుండానే పంపావు. పక్షవాతం నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చినదాన్ని, నీ కోపం వెతుక్కుంటూ నీ జబ్బు చూడలేదు. క్షమించు మావయ్యా.

గోవిందూ, ఈ వారంలోనే మావయ్యని విశాఖపట్నం తీసుకెళ్ళి తల స్కాన్ తీయించు. అక్కడి డాక్టరు గారికి వేరే కాగితం మీద విడిగా రాశాను. నేను ఏప్రిల్ పదహారుకి వస్తున్నాను.

ఒక్క మాట. నాకు ఐదో ఏట ఇసుకలో వేలు పట్టి దిద్దించావు. పియర్సన్ గారు ఇప్పుడు అలాగే చదువుతున్నారు. అక్షరం మీద వేలు నడిపితే, చూస్తే తెలియనిది తడిమితే తెలుస్తోంది. నువ్వు నీలం ఉత్తరం ఎవరికీ ఇవ్వలేదని నాకిప్పుడు తెలుసు. ఇవ్వకు. ఓపికుంటే వేలితో చదువు, లేకపోతే నేనొచ్చి చెబుతాను.

మీ అందరి వసుంధర


కవిటి
2 ఏప్రిల్ 2000

గుంటకి మావయ్య ఆశీర్వచనం.

ఎండ. అనుమానపడ్డాను గానీ జీడిమామిళ్ళు బాగానే కాశాయి.

నీ ఉత్తరం గోవిందు అరుగు మీద చదివాడు. ముందు నాకు ఒళ్ళు మండింది. పోస్టుమాస్టరుకి చదవడం రాదని ఊరందరికీ తెలిసిపోయింది కదా అని. ఆ సిగ్గుతోనే నీకు కూడా చెప్పకుండా దాచాను. అచ్చు అంతా ఒరియాలాగా కనిపిస్తోందని ఎవరితో అనను? గోవిందు మాత్రం "మేస్టారూ, ఇది కళ్ళ జబ్బు కాదంట, బుర్రలోదంట. గుంట అంత దూరం నించి సెప్పేసింది సూడండి!" అని ఎగిరి గంతేశాడు. ఎర్రమ్మ అయితే "దీనికేటి సిగ్గు మేస్టారూ, నాను పుట్టిన కాడి నించీ సదవలేను, బతకట్నేదా?" అంది.

విశాఖ వెళ్ళాం. ఫొటో తీశారు. నువ్వన్నదే. మాత్రలు వేసుకుంటున్నాను.

ఆ తర్వాత ట్రంకు పెట్టె తీశాను. నీ అక్షరాలు చీమల బారు, వేలికి అందలేదు. కొబ్బరి ఈనె పుల్ల తీసుకుని ఒక్కో అక్షరం మీదా నడిపించాను. రోజుకి నాలుగైదు వరసలు. స్టీలు గ్లాసు దగ్గరికి వచ్చి రెండు రోజులు పెట్టె మూసేశాను. జనవరిలో రాసిన పలచటి ఉత్తరంతో కలిపి మొత్తం పన్నెండు రోజులు పట్టింది.

కోపం ఉందా అని అడిగావు. లేదు. అక్టోబరులో అడిగినదానికి ఏప్రిల్లో చెబుతున్నాను. నా సర్వీసు మొత్తంలో ఇంత ఆలస్యంగా ఏదీ బట్వాడా చేయలేదు.

ఇంకా ఉంది. ఆ రోజు నేను మందులషాపు నుంచి అప్పటికే వచ్చేశాను. గుమ్మంలో నిలబడి చూశాను. పొద్దుటి నుంచీ మీ అత్త గ్లాసు నాకే చూపిస్తోంది. డాక్టరు చెప్పకుండా ఏమిస్తే ఏమవుతుందోనని భయపడి, చూడలేక, మందుల పేరు చెప్పి పారిపోయాను. నువ్వు పారిపోలేదు. తల ఎత్తి పట్టుకుని పోశావు. రెండోసారి తాగాక ఆవిడ ఎడమచెయ్యి నీ చెంప మీద పెట్టింది. చాలాసేపు ఉంచింది. అది నీ ఉత్తరంలో లేదు. ఆ చోట మళ్ళీ పుల్లతో వెతికాను, లేదు. నువ్వు మరిచిపోయావు.

ఆ నీళ్ళే నిమ్ము చేశాయేమో. చదువుకున్నదానివి, కాదని నేనెలా అనగలను? కానీ నోట్లో నీళ్ళు పోసే చెయ్యి ఎవరిదని పాతికేళ్ళు బెంగపెట్టుకున్న మనిషి, ఆ చెయ్యి చూసుకుని మరీ వెళ్ళింది. మనుషులు పిల్లల్ని కనేది అందుకే గుంటా. మేము కనకుండానే మాకు దొరికింది. నీకు ఈ మాట అప్పుడే చెప్పాల్సింది. అందరికీ అన్నీ చదివిపెట్టినవాణ్ణి, ఇదొక్కటీ నీకు చెప్పలేదు.

ఆ చెంచా వదలకు. చెయ్యి వణికితే వణకనీ. మీ గాజు గొట్టాలకి ఇంకెవరైనా దొరుకుతారు.

పియర్సన్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఈనె పుల్ల సంగతి కూడా చెప్పు, ఆయనకి పనికొస్తుంది.

చివర ఎప్పుడూ రాసే మాట ఈసారి కూడా రాయలేను. ఇదంతా తిరిగి చదువుకోవాలంటే ఇంకో పన్నెండు రోజులు పడుతుంది, ఈలోగా నువ్వే వచ్చేస్తావు. చదువుకోకుండానే అంటిస్తున్నాను. వచ్చేటప్పుడు ఈ ఉత్తరం తీసుకురా. అరుగు మీద కూర్చుని నువ్వు చదువు, నేను వింటాను.

అప్పలనరసింహం